లెక్క అడిగే పదవి: ఆహార సహకార సంఘపు పాలకవర్గంపై ఒక సంవాదం

ఒక ఊరివారు తాము తినే బియ్యం, పప్పు, నూనె, ఉల్లి, చేప వంటి వాటిని ఉమ్మడిగా కొనుక్కోవడానికి గాని, తాము పండించిన వాటిని ఉమ్మడిగా అమ్ముకోవడానికి గాని సొంత డబ్బు వేసుకొని నడుపుకొనే సంస్థను ఆహార సహకార సంఘం అనవచ్చు. అందులో సభ్యులు పెట్టే మూలధనానికి వాటాధనమని పేరు. ఎన్ని వాటాలు ఉన్నా మనిషికి ఓటు ఒక్కటే కావడం, ఏడాది చివర మిగిలినదాన్ని ప్రధానంగా ఎవరు సంఘంలో ఎంత సరుకు కొన్నారన్న దానిని బట్టి పంచడం దీనిని కంపెనీ నుంచి వేరు చేసే లక్షణాలు. సభ్యులందరూ కూడేది మహాజన సభ, ఆ సభ ఎన్నుకొనే కొద్దిమంది బృందం పాలకవర్గం, అందులోనివారు డైరెక్టర్లు. జీతం తీసుకొని రోజువారీ పని చూసే కార్యదర్శి లేదా మేనేజరు పాలకవర్గానికి, పాలకవర్గం మహాజన సభకు జవాబుదారీగా ఉండాలన్నది ఈ ఏర్పాటులోని మూలసూత్రం.

ఏలూరు, తాడేపల్లిగూడెంల నడుమ జాతీయ రహదారి మీద ఉన్న ఉంగుటూరు ప్రాంతంలో సొసైటీ అన్న మాట వినగానే ఎవరికైనా తోచేది పంట అప్పు, యూరియా బస్తా, ధాన్యం కొనుగోలు. అంటే ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘం. పరపతి అంటే ఇక్కడ అప్పు ఇవ్వడం, తీసుకోవడం. ఏలూరు కాలువ కింద సార్వా, దాళ్వా రెండు కార్లూ వరి పండే ఈ నేలకు ఒకవైపు కొల్లేటి చేప, మరోవైపు పేరుమోసిన తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టు చేరువలోనే ఉన్నా, తిండి పండించేవారూ తినేవారూ ఒకే సంఘంలో సభ్యులుగా కూర్చునే అలవాటు మాత్రం బలపడలేదు. అలాంటి సంఘం ఒకటి ఏర్పడితే దాని పాలకవర్గంలో చేరడం మామూలు సభ్యుడు తలకెత్తుకోదగిన పనేనా అన్నది ఈ సంవాదంలోని ప్రశ్న.

వాదించేవారు ఇద్దరు, ఇద్దరూ కల్పితులే. ఒకరు సహకార సంఘాల లెక్కలు తనిఖీ చేసి పదవీ విరమణ చేసిన ఆడిటరు; పాలకవర్గ పదవి దండగ అన్నది ఆయన పక్షం. మరొకరు కౌలు సేద్యం చేసే కుటుంబానికి చెంది, డ్వాక్రా అనే మహిళా పొదుపు సంఘం పుస్తకాలు రాసిన అనుభవం ఉన్న సభ్యురాలు. పదవిని స్వీకరించి తీరాలన్నది ఆమె పక్షం. వరుస కలుపుకొని పిలుచుకోవడం ఆ ప్రాంతపు మర్యాద గనుక, వాదం ఎంత ముదిరినా వారి పిలుపుల్లో ఆ మర్యాద చెడదు.

అధికారం ఎవరి చేతిలో ఉంది?

ఆడిటరు: అమ్మాయీ, పదవికి ఒప్పుకొనే ముందు ఆ పదవి చేతిలో ఏముందో చూడాలి. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం కింద నమోదైన సంఘంలో పాలకవర్గం సభ్యులకు జవాబు చెప్పాలని కాగితం మీద ఉంటుంది గాని, దాని తలరాత సహకార శాఖ చేతిలో ఉంటుంది. పాలకవర్గాన్ని రద్దు చేయడానికి 34వ సెక్షను, విచారణ జరిపించడానికి 51వ సెక్షను, కలిగిన నష్టాన్ని బాధ్యుల నుంచి రాబట్టడానికి 60వ సెక్షను ఉన్నాయి. ఇవన్నీ సభ్యుల రక్షణ కోసమే పుట్టినా, ఎన్నికలు ఎప్పుడు జరపాలన్న నిర్ణయం కూడా ప్రభుత్వం గుప్పిట్లోనే ఉండటంతో ఆ రక్షణ కాస్తా పెత్తనంగా మారింది. ఆంధ్రప్రదేశ్‌లో పరపతి సంఘాలకు 2013 ఆరంభంలో ఎన్నికలు జరిగాయి. ఆ పాలకవర్గాల గడువు తీరాక ఓటింగు లేకుండా, ప్రభుత్వం నియమించిన త్రిసభ్య కమిటీలు, అనగా ముగ్గురేసి సభ్యుల తాత్కాలిక పాలకవర్గాలు, ఏళ్ల తరబడి సొసైటీలను నడిపాయి. ప్రభుత్వం మారితే కమిటీ మారుతుంది. సభ్యుడు వేయని ఓటుతో వచ్చినవాడు సభ్యునికి ఎందుకు జవాబు చెబుతాడు?

సభ్యురాలు: బాబాయి గారూ, ఆ చరిత్రను కాదనేందుకు వీలులేదు. కాని ఆ సంఘాలు ప్రభుత్వ వాటాధనంతోనో, పైనున్న జిల్లా కేంద్ర సహకార బ్యాంకు, ఆప్కాబ్ అనే రాష్ట్ర సహకార బ్యాంకు ఇచ్చే అప్పుతోనో బతికేవి కాబట్టి డబ్బు ఇచ్చినవారి మాట చెల్లింది. ఇందుకు విరుగుడుగానే 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చింది; అందరూ మాక్స్ చట్టమనేది దానినే. చౌదరి బ్రహ్మప్రకాశ్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1991లో సూచించిన నమూనా ఆధారంగా ఇటువంటి చట్టాన్ని దేశంలో మొదట తెచ్చిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. దాని కింద నమోదైన సంఘం ప్రభుత్వ వాటాధనం తీసుకోదు, తన ఉపనిబంధనలను, అనగా సంఘం తనకు తాను రాసుకొనే నియమావళిని, సభ్యుల చేతనే ఆమోదింపజేసుకొంటుంది, గడువులోగా ఎన్నికలు జరిపే బాధ్యతను తన పాలకవర్గం మీదనే పెడుతుంది. డ్వాక్రా మహిళల మండల సమాఖ్యలు నమోదైనది కూడా ఈ చట్టం కిందనే. తిండి సరుకుల సంఘాన్ని ఆ చట్టం కింద పెట్టుకొంటే త్రిసభ్య కమిటీ భయం ఎక్కడిది?

ఆడిటరు: చట్టం మారినంత మాత్రాన మనుషులు మారరు. 1964 చట్టంలో పెత్తనం శాఖది, 1995 చట్టంలో పెత్తనం ఊళ్లోని బలవంతులది కావచ్చు. పైనుంచి అడిగేవాడు లేని చోట లోపలినుంచి అడిగేవాడు తప్పనిసరి గదా. ఆ అడిగేవాడు ఉంటాడన్న హామీ ఏ చట్టమూ ఇవ్వలేదు.

సభ్యురాలు: ఆ అడిగే మనిషి కోసమే ఈ పదవి, బాబాయి గారూ. తెలంగాణలోని ముల్కనూరును చూడండి. అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి నాయకత్వంలో 1956లో అక్కడ మొదలైన సహకార గ్రామీణ బ్యాంకు అప్పు ఇవ్వడంతో ఆగక, రైతు పంటను తానే అమ్మిపెట్టే స్థితికి ఎదిగింది. అదే ప్రాంతంలోని మహిళలు 1995 చట్టం కింద పాల సహకార యూనియన్ పెట్టుకొని, 2002 నుంచి స్వకృషి పేరుతో పాలు అమ్ముతున్నారు. దాని పాలకవర్గంలో ఉన్నవారు పాలు పోసే మహిళలే. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ అండతో చిరుధాన్యాల రైతులు 2008లో ధరణి అనే సంఘాన్ని ఆ చట్టం కిందనే పెట్టుకొన్నారు. పంటను కొనడం, శుభ్రం చేయడం, పొట్లాలు కట్టి అమ్మడం వరకు అంతా వారి సంఘం పనే. అక్కడి డైరెక్టర్లు ఆకాశం నుంచి ఊడిపడలేదు.

కొల్లేరు చెబుతున్నదేమిటి?

ఆడిటరు: దూరపు ఉదాహరణలు ఎందుకు? గడప దాటితే కొల్లేరు ఉంది. 1976లో జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు లంక గ్రామాల మత్స్యకారులకు, పేదలకు సహకార సంఘాలు పెట్టించి, సరస్సు నేలలో చేపల చెరువులు ఇప్పించారు. ఉద్దేశం మంచిదే. కాలక్రమంలో ఆ చెరువుల్లో చాలా వాటి మీద పెత్తనం లీజుల రూపంలో పెట్టుబడి ఉన్న బయటివారికి పోయింది. సంఘం పేరు, సభ్యుల జాబితా, పాలకవర్గం సంతకం మాత్రం మిగిలాయి. సహకార సంఘంలో పాలకవర్గ సంతకం అంత చవక వస్తువు. వేయమన్న చోట వేస్తే ఏడాదికి ఇంత అని చేతిలో పడుతుంది. వేయనంటే వేసే మరొకరు దొరుకుతారు. నిజాయితీ ఉన్న మనిషి అక్కడ కూర్చొని చేసేది ఏమిటి?

సభ్యురాలు: ఆ సంతకం ఎందుకు చవకైందో కూడా చెప్పుకోవాలి. చెరువు తవ్వడానికి, గట్లు వేయడానికి, చేపపిల్లకు, మేతకు, పట్టుబడి కూలికి పెద్ద పెట్టుబడి కావాలి. సంఘానికి భూమి మీద హక్కు ఇచ్చారు గాని, నడపడానికి చేతిలో డబ్బు లేదు. డబ్బు తెచ్చినవాడు యజమాని అయ్యాడు. త్రిసభ్య కమిటీలకు, కొల్లేటి లీజులకు మూలం ఒక్కటే: సభ్యులది కాని డబ్బు. అందుకే సభ్యులు తమ వాటాధనంతో, తమ పొదుపుతో నడపగలిగినంత పరిమాణంలోనే తిండి సంఘాన్ని మొదలుపెట్టాలి. బియ్యం, పప్పు, ఉల్లి కొనడానికి చెరువు తవ్వినంత పెట్టుబడి అక్కరలేదు.

ఆడిటరు: కొల్లేరు చెప్పేది డబ్బు సంగతి ఒక్కటే కాదమ్మాయీ. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్యనున్న పల్లంలో బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చే నీటిని ఆపుకొని, ఉప్పుటేరు ద్వారా సముద్రానికి పంపే సరస్సు అది. సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు వరకు, అంటే అయిదో కాంటూరు లోపలి సుమారు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రాంసర్ జాబితాలో చేరింది. 2006లో కోర్టుల ఆదేశాల మేరకు యంత్రాంగం వచ్చి చెరువు గట్లను తెంచివేసింది. ఆ గట్లకు తీర్మానాలు చేసిన పాలకవర్గాల్లో వరద నీరు ఎటు పోతుందని అడిగినవారు ఎందరు? పాలకవర్గం సభ్యుల ఆదాయాన్ని చూసుకొంటుంది, ఊరి మేలును చూడదు.

సభ్యురాలు: అడగలేదు నిజమే. అడగవలసిందన్న విషయం మాత్రం ఆ మాటలోనే ఒప్పుకొన్నట్టయింది. సంఘానికి చేప అమ్మే చెరువు ఎక్కడుంది, ఏ మేత వేస్తున్నారు, దాని నీరు ఎటు వదులుతున్నారు అని అడగడానికి తినేవారికి ఉన్నంత అవసరం అమ్మేవారికి ఉండదు. పండించేవారు మాత్రమే ఉన్న పాలకవర్గంలో ఈ ప్రశ్న పుట్టదు. తినేవారు కూడా కూర్చున్న పాలకవర్గంలో పుట్టే అవకాశం ఉంది.

సరుకు తెలిసిన మేనేజరు, సరుకు తెలియని డైరెక్టరు

ఆడిటరు: సరే, డబ్బు సభ్యులదే అనుకొందాం. వ్యాపారం తెలియాలి గదా? ఒక్క బియ్యాన్నే తీసుకో. ఇక్కడి ఇళ్లలో పాత బియ్యమే కావాలంటారు, కొత్త బియ్యం అన్నం ముద్ద కడుతుందని. పాత బియ్యం అమ్మాలంటే పంట రోజుల్లో కొని నెలల తరబడి నిల్వ పెట్టాలి; ఆ నెలలన్నీ డబ్బు గోడౌనులో కట్టుబడి ఉంటుంది, పురుగు పడుతుంది, ఎలుక తింటుంది, తేమ ఆరి బరువు తగ్గుతుంది. ఉల్లి సంగతి అంతకన్నా కష్టం. ముసురు పట్టిన వారంలో లాటుకు లాటు కుళ్లిపోతుంది, లేదా మొలకెత్తుతుంది. తాడేపల్లిగూడెం మార్కెట్లో కర్నూలు ఉల్లికి, మహారాష్ట్ర ఉల్లికి ధర తేడా, నిలవ ఉండే గుణంలో తేడా ఏమిటో చేత్తో తట్టి చెప్పగలిగినవాడు మేనేజరు. నెలకొకసారి వచ్చి కూర్చునే డైరెక్టరు అతని ముందు రెండే పనులు చేయగలడు: తెలియక తల ఊపడం, తెలియక అడ్డుపడటం. మొదటిది సంఘానికి నష్టం, రెండోది ఇంకా పెద్ద నష్టం.

సభ్యురాలు: డైరెక్టరు ఉల్లి కొనడు, బాబాయి గారూ, ఉల్లి కొన్న లెక్క అడుగుతాడు. ఈ రెండింటికీ తేడా తెలియకపోవడమే సొసైటీల్లో సగం తగాదాలకు కారణం. ఎవరి దగ్గర కొనాలో, ఏ గుమాస్తాను పెట్టుకోవాలో డైరెక్టర్లు చెప్పడం మొదలుపెడితే మేనేజరుకు బాధ్యత పోతుంది. మేనేజరు చూపిన కాగితం మీద చదవకుండా సంతకం పెడితే డైరెక్టరుకు పని పోతుంది. నెలకు అయిదు విషయాలు అడిగితే చాలు. పెట్టెలో, బ్యాంకులో నగదు ఎంత? పుస్తకంలో రాసిన నిల్వకు, గోడౌనులో లెక్కించిన నిల్వకు తేడా ఎంత? అరువు పోయినది ఎంత, ఎవరి దగ్గర, ఎన్నాళ్లుగా? తరుగు కింద రాసింది ఎంత? సభ్యుల డిపాజిట్లు ఉంటే అవి తిరిగి ఇవ్వడానికి డబ్బు ఎక్కడుంది? వీటిని అడగడానికి వ్యాపారి అయి ఉండనక్కరలేదు.

ఆడిటరు: తరుగు అన్నావు. ఆ ఒక్క మాట చాలు, అనుభవం లేనివారిని ముంచడానికి. ధాన్యం కాటా దగ్గర నిలబడి చూడు. తేమ 17 శాతానికి మించకూడదని కొనుగోలు నిబంధన. మీటరులో గుప్పెడు గింజలు పోసి అంకె చూపిస్తారు. ఆ గుప్పెడు బస్తా పైనుంచి తీశారా, అడుగునుంచి తీశారా అన్న దానిమీద అంకె మారుతుంది. గోదావరి జిల్లాల్లో బస్తా అంటే 75 కిలోలు. అందులో తేమకింత, తాలుకింత, సంచి బరువుకింత అని తీసేస్తూ పోతే, కాగితం మీద ఎవరూ తప్పు చేయకుండానే రైతుకు బస్తాకు కిలోల లెక్కన తగ్గుతుంది. తరుగు అనే కాలమ్‌లో దొంగతనాన్నీ, నిర్లక్ష్యాన్నీ, నిజమైన ఆరుదలనూ ఒకే అంకెగా రాయవచ్చు. ముప్పై ఏళ్లు పుస్తకాలు చూసిన కన్నుకే అవి విడివిడిగా కనబడటం కష్టం.

సభ్యురాలు: పుస్తకంలో చూస్తే కష్టం, గోడౌనులో చూస్తే అంత కష్టం కాదు. వచ్చిన ప్రతి లాటుకు తేదీ, తూకం, తేమ రాసిన చీటీ కట్టి ఉంచి, అమ్ముడైనాక మిగిలినదాన్ని మేనేజరుతో పాటు ఇద్దరు డైరెక్టర్లు కలిసి తూచితే, ఏ లాటులో తరుగు మామూలును మించిందో మూడు నెలల్లో తెలిసిపోతుంది. నెలల తరబడి డబ్బాలో బియ్యం నిల్వ చేసి వండే గృహిణికి, ఏ బస్తా ఎంత తగ్గుతుందన్నది తెలియని విద్య కాదు. కాటా దగ్గర రైతుకు జరిగే అన్యాయాన్ని ఇంత చక్కగా చెప్పిన మీరే, ఆ కాటా పక్కన రైతు తరఫు మనిషి ఒకరు నిలబడాలంటే వద్దంటున్నారు.

మొహమాటం, బాధ్యత

ఆడిటరు: నిలబడటం వేరు, నోరు విప్పడం వేరు. ఊళ్లో మేనేజరు ప్రెసిడెంటుగారి బావమరిది అవుతాడు, అరువు ఎగ్గొట్టినవాడు ఒక డైరెక్టరుకు వియ్యంకుడు అవుతాడు. సంఘాల దివాలాకు కారణాలు వెతికితే దొంగల సంఖ్య తక్కువ, మొహమాటస్తుల సంఖ్య ఎక్కువ. పైగా ఈ పనికి జీతం ఉండదు. మహా అయితే సమావేశానికి రానుపోను ఖర్చులు, ఒక టీ. నష్టం వస్తే మాత్రం 60వ సెక్షను కింద సర్‌ఛార్జి, అంటే సంఘానికి కలిగించిన నష్టాన్ని సొంత ఆస్తి నుంచి కట్టమనే ఉత్తర్వు రావచ్చు. దొంగిలించినవాడికే కాదు, నిర్లక్ష్యంగా ఊరుకొన్నవాడికీ రావచ్చు. పది రూపాయల లాభం లేని చోట ఇంటి మీదికి తెచ్చుకొనే బాధ్యతను మీ ఇంట్లోవాళ్లు ఒప్పుకొంటారా?

సభ్యురాలు: మొహమాటానికి మందు ధైర్యం కాదు, నియమం. మనిషి మనిషిని అడిగితే తగాదా అవుతుంది. నియమం అడిగితే తగాదా కాదు. డైరెక్టరు దగ్గరి బంధువును ఉద్యోగంలో పెట్టుకోరాదని, డైరెక్టరు తన సంఘానికే సరుకు అమ్మే వ్యాపారి కారాదని, తనకు లాభం ఉన్న విషయం చర్చకు వచ్చినప్పుడు లేచి బయటకు వెళ్లాలని ఉపనిబంధనల్లోనే రాసుకోవచ్చు. అరువు సంగతి కూడా అంతే. ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో 1844 డిసెంబరు 21న ఇరవై ఎనిమిది మంది కార్మికులు తలా ఒక పౌను కూడబెట్టి పిండి, వెన్న, పంచదార వంటి కొద్ది సరుకులతో కొట్టు తెరిచినప్పుడు నగదుకే అమ్మాలని నియమం పెట్టుకొన్నారు. ఆధునిక సహకారోద్యమం తన పుట్టుకను అక్కడినుంచే లెక్కించుకొంటుంది. ఉంగుటూరు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండగానే, 1904లో మద్రాసు ట్రిప్లికేన్‌లో వినియోగదారుల సహకార సంఘం పుట్టి, నేటికీ నడుస్తోంది. ఊరికి, దేశానికి సరిపడదని తోసిపుచ్చదగిన ఆలోచన కాదిది.

ఆడిటరు: నగదుకే అమ్మడం వారంవారం కూలి అందే మిల్లు కార్మికునికి కుదిరింది. ఇక్కడ చేతికి డబ్బు వచ్చేది సార్వా కోతకు ఒకసారి, దాళ్వా కోతకు ఒకసారి. ధాన్యం డబ్బు ఖాతాలో పడటం ఆలస్యమైతే అదీ లేదు. మధ్య నెలల్లో అరువు ఇచ్చే కిరాణా కొట్టును వదిలి, నగదు అడిగే సంఘానికి ఎవరు వస్తారు? వచ్చేది నెలజీతగాళ్లు. అప్పుడది పేదల సంఘం ఎలా అవుతుంది?

సభ్యురాలు: ఈ అభ్యంతరంలో బలం ఉంది, కాదనలేం. దానికి జవాబు అందరికీ అరువు ఇవ్వడం కాదు. కోత డబ్బు వచ్చినప్పుడు సభ్యుడు ముందుగా కొంత జమ చేసి, మధ్య నెలల్లో ఆ జమలోంచి సరుకు తీసుకొనే పద్ధతి పెట్టుకోవచ్చు. డ్వాక్రా పొదుపు అలవాటున్న ఇళ్లకు ఇది కొత్త కాదు. అప్పుడు అరువు తలకిందులై, సభ్యుడే సంఘానికి ముందుగా ఇచ్చినవాడవుతాడు, అతనికి లెక్క అడిగే హక్కు ఇంకా గట్టిపడుతుంది. సర్‌ఛార్జి భయానికి జవాబు మినిట్స్ పుస్తకం. సమావేశంలో జరిగిన చర్చను, తీర్మానాన్ని రాసే ఆ పుస్తకంలో, ఒక తీర్మానం తప్పనిపించిన డైరెక్టరు తన అసమ్మతిని కారణంతో సహా రాయించుకొంటే, ఊరుకొన్నారన్న నింద ఆ డైరెక్టరుకు అంటదు. భయపడవలసింది చదవకుండా సంతకం పెట్టేవారు.

ఎవరు కూర్చుంటారు?

ఆడిటరు: చివరికి కుర్చీల్లో కూర్చునేదెవరో కూడా చూడు. పొలం ఉన్నవాడు, పార్టీ అండ ఉన్నవాడు, సమావేశానికి తీరిక ఉన్నవాడు. సొసైటీ ప్రెసిడెంటు పదవిని పై పదవులకు మెట్టుగా చూసేవారే పోటీకి దిగుతారు. ఇక్కడ నేలను నిజంగా దున్నేది చాలావరకు కౌలుదారు. అతనికి పట్టా లేదు, పట్టా లేనివానికి సొసైటీలో అప్పూ కష్టమే, మాటా కష్టమే. 2011లో సాగుదారులకు గుర్తింపు కార్డులని ఒక చట్టం, 2019లో సాగుదారు హక్కుల కార్డులని మరో చట్టం వచ్చినా, భూయజమాని ఒప్పుకోలు దగ్గర వ్యవహారం చిక్కుకొంటూనే ఉంది.

సభ్యురాలు: పరపతి సంఘానికీ తిండి సంఘానికీ ఉన్న అసలు తేడా అక్కడే ఉంది. అప్పుకు పొలం కావాలి, అన్నానికి అక్కరలేదు. తినే ప్రతి ఇల్లూ సభ్యత్వానికి అర్హమే కాబట్టి, పట్టా ఉన్న ఆసామికీ కౌలు రైతుకూ ఊడ్పుకు పోయే కూలి మనిషికీ ఒక్కొక్క ఓటే. న్యూయార్కు నగరం బ్రూక్లిన్‌లో 1973లో మొదలైన పార్క్ స్లోప్ ఆహార సంఘంలో సభ్యులు కొన్ని వారాలకొకసారి సుమారు రెండుముప్పావు గంటలు సరుకు సర్దడం, తూచడం వంటి పనులు తామే చేస్తారు. చట్టం పాలకవర్గం ఉండాలంటుంది కాబట్టి ఉంటుంది గాని, సభ్యుల సాధారణ సభ ఇచ్చిన సలహాను ఆమోదించడమే దాని సంప్రదాయం. పెత్తనం లేకుండా పాలకవర్గం ఉండగలదనడానికి అది సాక్ష్యం.

ఆడిటరు: ఆ సాక్ష్యాన్ని ఇక్కడికి తెస్తే చెల్లదు. వేళకు ఆఫీసు ముగిసే నగరవాసికి మూడు గంటలు దొరకవచ్చు; ఊడ్పుల రోజుల్లో, కోతల రోజుల్లో తెల్లవారకముందే పొలానికి పోయే మనిషిని వచ్చి కొట్లో పప్పు పొట్లాలు కట్టమంటే, ముందుగా సంఘం వదిలిపోయేది పేదలే. వంతు పని చేయలేనివారు బయటకు, చేయగలిగినవారు లోపలికి అయితే, అది కూడా ఒక రకమైన పట్టాయే.

సభ్యురాలు: ఒప్పుకోవలసిందే. వంతు పనిని ఈ ప్రాంతపు సంఘానికి నియమం చేయకూడదు. సమావేశం మాత్రం కూలి పని ముగిసిన వేళకు, కోత లేని రోజులకు జరుపుకోవాలి. 2011 నాటి 97వ రాజ్యాంగ సవరణ పాలకవర్గంలో సభ్యులు ఇరవై ఒక్కరికి మించరాదని, మహిళలకు రెండు స్థానాలు, ఎస్సీ లేదా ఎస్టీలకు ఒక స్థానం ఉండాలని, పదవీకాలం అయిదేళ్లని చెప్పింది. సగం రాష్ట్రాల ఆమోదం పొందలేదన్న కారణంతో రాష్ట్రాల సంఘాలకు సంబంధించినంత వరకు ఆ భాగాన్ని 2021లో సుప్రీంకోర్టు కొట్టివేసింది గాని, సహకార సంఘం పెట్టుకొనే హక్కు ప్రాథమిక హక్కుల్లో నిలిచే ఉంది. మహిళలకు రెండు కాదు, సగం స్థానాలు ఇస్తామని, ఒక కౌలు కుటుంబానికి తప్పక చోటిస్తామని ఉపనిబంధనల్లో రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

సంవాద ఫలితం

ఈ సంవాదంలో రెండు పక్షాలూ కొంత వదులుకొన్నాయి. వంతు శ్రమ ఈ ప్రాంతానికి సరిపడదని, నగదు నియమాన్ని పంట కాలానికి తగినట్టు మలచాలని సభ్యురాలు ఒప్పుకొన్నది. ఆడిటరు నోటితో ఒప్పుకోకపోయినా, ఆయన చూపిన ప్రతి వైఫల్యంలోనూ, అది త్రిసభ్య కమిటీ అయినా, కొల్లేటి లీజు అయినా, కాటా దగ్గరి తరుగు అయినా, అడగవలసినవారు లేకపోవడమో, ఉండీ అడగకపోవడమో కనిపిస్తుంది. పదవి దండగ అన్న వాదానికి ఆయన తెచ్చిన సాక్ష్యాలు, పదవిని నిర్వర్తించకపోతే ఏమవుతుందో చెప్పే సాక్ష్యాలుగానే మిగిలాయి.

అయితే సభ్యురాలి వాదం కూడా షరతులు లేకుండా నిలవదు. సంఘం ప్రధానంగా సభ్యుల సొంత డబ్బుతో నడవాలి, ఎందుకంటే లెక్క అడిగే హక్కు డబ్బు పెట్టినవారిదే అవుతుంది. మేనేజరు పని, డైరెక్టరు పని విడివిడిగా ఉండాలి, ఎందుకంటే కొనేవారే తనిఖీ చేస్తే తనిఖీ ఉండదు. పుస్తకాలు ఏ సభ్యుడు అడిగినా తెరుచుకోవాలి, ఎందుకంటే మూసిన పుస్తకం ముందు ఓటు అర్థం లేనిది. ఈ మూడు లేని సంఘంలో పాలకవర్గ పదవి స్వీకరించడం ఇతరుల తప్పులకు తన పేరు అరువివ్వడమే. అక్కడ ఆడిటరు మాటే సరి. ఈ మూడూ ఉన్న సంఘంలో పదవి వద్దనడం, ఆ తప్పులకు చోటు ఖాళీ చేసి ఇవ్వడమే. అక్కడ సభ్యురాలి మాటే సరి.

కాబట్టి ఏ ఊళ్లోనైనా తిండి సరుకుల సంఘం పాలకవర్గంలోకి రమ్మని పిలుపు వచ్చినవారు దండలకు, శాలువాలకు ముందే మూడు కాగితాలు చూపమని అడగాలి: గత ఏడాది ఆడిట్ నివేదిక, బాకీదారుల జాబితా, మినిట్స్ పుస్తకం. కొత్తగా పుట్టే సంఘమైతే, వీటి స్థానంలో ఉపనిబంధనల ముసాయిదాను, వాటాధనం ఎవరెవరిదో చెప్పే జాబితాను అడగాలి. చూపకపోతే పదవిని మర్యాదగా కాదనాలి. చూపితే మాత్రం, తీరిక లేదనే సాకు చెప్పకుండా వెళ్లి కూర్చొని, మొదటి సమావేశంలోనే తరుగు లెక్క చదివించాలి.